ముఖం తిప్పుకునే విద్య

మా తమ్ముడు తన భార్యను వెండితెర మీద మడమను చూసి గుర్తుపట్టేవాడు.

ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. అతను సినిమాహాలులో ప్రొజెక్టర్ ఆపరేటరు. ఆమె పోరాట చిత్రాలలో కథానాయికలకు డూప్. కథానాయిక మేడమీది నుంచి దూకినా, గాజు తలుపును బద్దలు కొట్టుకుని వచ్చినా, మెట్లమీద దొర్లుకుంటూ పడినా, ఆ దూకేదీ, బద్దలు కొట్టేదీ, పడేదీ మా మరదలే. వయసులో ఉండగా ఒకసారి ఆమె ఎడమ చీలమండ విరిగి సరిగా అతకలేదు. అప్పటినుంచీ ఆమె నిలబడితే ఎడమ మడమ నేలకు పూర్తిగా ఆనదు. దానికింద ఒక కాగితం దూర్చవచ్చు. తెరమీద కథానాయిక గాలిలో తిరిగి నేలమీద వాలగానే మా తమ్ముడు గాజుకిటికీలోంచి ఆ మడమను చూసేవాడు. "అదిగో, మా ఆవిడ వచ్చింది" అనేవాడు, పక్కన ఎవరుంటే వారితో. ఎవరూ లేకపోతే యంత్రంతోనైనా అనేవాడు. అతని గుర్తింపు ఎన్నడూ తప్పలేదు.

వారి పరిచయమే అలా జరిగింది. ఒక మధ్యాహ్నం ఆటకు వచ్చి మెట్లెక్కుతున్న అమ్మాయి మడమను వెనకనుంచి చూసి, "ఏమండీ, ఈ సినిమాలో వంతెన మీదనుంచి దూకింది మీరేనా?" అని అడిగాడట. అంతవరకు ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. "అవును, ఎలా తెలిసింది?" అని ఆమె వెనక్కి తిరిగింది. ఆ తరువాత కొద్దికాలానికే పెళ్ళి జరిగింది.

షూటింగులలో అందరూ ఆమెను దూదక్క అనేవారు. ఎంత ఎత్తునుంచి పడినా చప్పుడు రాదని ఆ పిలుపు. నేనూ ఇకపై అలాగే అంటాను.

డూప్ పనిలో మొదటి పాఠం పడడం కాదు, ముఖం దాచడం. దెబ్బ వేసే క్షణంలోనూ, దెబ్బ తినే క్షణంలోనూ కెమెరా ఎక్కడుందో చర్మంతోనే కనిపెట్టి, ముఖాన్ని దానికి అవతలి వైపు తిప్పెయ్యాలి. ముఖం పడిన షాట్ పనికిరాదు, మళ్ళీ దూకాలి. ఒకసారి ముఖం కనబడిందంటే ఒళ్ళు రెండుసార్లు విరుగుతుంది. ఈ లెక్కను మనసు మరిచిపోయినా వెన్నెముక మరిచిపోదు. ఆ అలవాటు ఆమెతో ఇంటికీ వచ్చింది. మా కుటుంబం ఫోటోలలో తమ్ముడి పక్కన ఒక చెవి, కొంత జుట్టు, ఒక భుజం కనిపిస్తాయి. పెళ్ళిఫోటోలో కూడా అంతే. ఫోటోగ్రాఫరు "ఇటు చూడమ్మా" అని బతిమాలాడు. ఆమె చూసింది కూడా. మీట నొక్కేసరికి మాత్రం ముఖం అక్కడ లేదు. మేము నవ్వుకున్నాం. ఆ ఫోటో నా అలమారులో భద్రంగా ఉంది.

ఇక రంగు సంగతి. ఆ చిత్రాలలో కథానాయికలు తెల్లగా ఉంటారు. దూదక్క నలుపు. అందుచేత ఆమె మెడకు, చేతులకు, చెవుల వెనకకు తెల్లరంగు పూసేవారు. చెమటకు అది కారితే మళ్ళీ పూసేవారు. సాయంత్రం ఇంటికి వచ్చి నూనె రాసి తుడుచుకునేది. వారి ఇంట్లో తువ్వాళ్ళన్నీ వెలిసిన గోడల రంగులో ఉండేవి. అసలు ఆ పోరాట విద్యను పుట్టించినవారే ఆమె వంటి నల్లటి మనుషులు. ఆమె తండ్రి ఒక సాధనశాల నడిపాడు. ఆమె నడక నేర్చిందీ ఆ చెక్కనేల మీదే. కాని తెరమీద ఆ విద్య ఎవరి చేతికి వెళ్ళిందో చూడండి. తెల్లటి నాయకుడు ఒక పాట ముగిసేలోగా దాన్ని నేర్చుకుంటాడు. నేర్పిన నల్లటి గురువు రెండో సగానికి ముందే చచ్చిపోతాడు. ఆ పైన నాయకుడు కొట్టే దెబ్బలకు వరుసగా పడిపోయేవారంతా మళ్ళీ ఆ నల్లటివారే. ఇదంతా చాలాకాలం ఎవరికీ వింతగా తోచలేదు. పుస్తకాలు చదివినవారికీ తోచలేదు.

మరొక విడ్డూరం ఉంది. ఆ రోజుల్లో ఆడవారికి పడడం ఇచ్చేవారే తప్ప కొట్టడం ఇచ్చేవారు కాదు. కథానాయిక ఎవరినైనా కొట్టాలంటే సన్నటి మగవాడికి విగ్గు పెట్టి చేయించేవారు. అలా విగ్గు పెట్టుకుని ఎందరో కథానాయికల తరఫున చేయి చేసుకున్న ఒక సన్నటి యువకుడు తరువాత పేరున్న ఫైట్ మాస్టర్ అయ్యాడు. దూదక్క అతన్ని చివరిదాకా "అక్కయ్యా" అనే పిలిచింది.

ఆ మాస్టరే ఒక సెలవురోజు ఉదయం సినిమా కంపెనీ మేనేజరును వెంటబెట్టుకుని తమ్ముడి ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ దుకాణం మీద రెండు గదుల ఇల్లది. కింద ఇస్త్రీపెట్టెల వేడికి పైగది నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. నేనూ అక్కడే ఉన్నాను.

"దూదీ, ముందు కూర్చో. నిలబడి వింటే పడిపోతావు," అన్నాడు మాస్టర్.

"పడడం నాకేం కొత్త అక్కయ్యా? చెప్పు."

మేనేజరు ఆ పిలుపుకు బిత్తరపోయి, తేరుకుని మొదలుపెట్టాడు. "ఈమధ్య ప్రేక్షకులు మారిపోయారమ్మా. సినిమాలో అన్ని రకాల మొహాలూ ఉండాలంటున్నారు. మా కంపెనీ కూడా దాన్ని గౌరవించాలనుకుంది. ఈ సినిమాలో ఒక ముసలావిడ ఉంటుంది. సాధనశాల నడుపుతుంది. పెద్ద ఫైటు ఉంది ఆవిడకి. మనిషి కాస్త నల్లగా, గట్టిగా... అంటే..."

"అంటే నాలాగా."

"తప్పుగా అనుకోకండమ్మా."

"ఎందుకనుకుంటాను బాబూ? మా ఇంట్లోనూ అద్దం ఉంది."

మాస్టర్ పగలబడి నవ్వాడు. మా తమ్ముడు నవ్వలేదు. అంతసేపూ కిటికీ దగ్గర నిలబడి ఉన్నవాడు అడిగింది ఒక్కటే ప్రశ్న. "మొహం కనిపిస్తుందా?"

"పూర్తిగా కనిపిస్తుంది సార్. క్లోజప్పులు కూడా ఉన్నాయి."

తమ్ముడు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అతనికి పదవీ విరమణ దగ్గరపడింది. తాను వెలిగించే తెరమీద, తాను ఉండగా, ఆమె ముఖం ఒక్కసారి పడాలని అతని కోరిక. దాన్ని ఎన్నడూ పైకి చెప్పినవాడు కాడు. ఆ ఉదయం చొక్కా అంచు ఎంతసేపు తిప్పాడో చూశాక మా అందరికీ తెలిసిపోయింది.

ముఖం కనిపించే పాత్ర అని ఒప్పందంలో రాయమని నేను పట్టుబట్టాను.

"మీ బావగారు లాయరా అమ్మా?" అన్నాడు మేనేజరు.

"కాదండీ. కాగితం కనిపిస్తే వదలరు, అంతే. ఇస్త్రీ కొట్టు రసీదులు కూడా దాస్తారు."

రాసి ఇచ్చారు. వారు వెళ్ళాక ఆమె కప్పులు కడుగుతూ, నేను వినాలనే కాబోలు, అన్నది: "ఆయన నా మడమ చూసీ చూసీ విసిగిపోయి ఉంటారు బావగారూ. ఒక్కసారి పైభాగం కూడా చూడనిద్దాం."

అనుమతి తీసుకుని చిత్రీకరణ చూడడానికి నేనూ వెళ్ళాను. తమ్ముడు రానన్నాడు. చూస్తే తెరమీదే చూస్తాడట.

పెద్ద రేకుల షెడ్డు లోపల సాధనశాల సెట్టు వేశారు. నున్నటి చెక్కనేల, గోడకు వరుసగా కర్రలు, ఎత్తున ఒక కిటికీ, దానిలోంచి దీపాలతో చేసిన ఎండ. దూదక్కకు ఆ రోజు తెల్లరంగు పూయలేదు. ఏళ్ళ తరబడి ఆమె మెడకు ఆ రంగు పూసిన మేకప్‌మాన్ కాసిని నీళ్ళతో ముఖం తుడిచి, "నాకు ఇవాళ పనే లేదక్కా" అన్నాడు. ఆమె అద్దంలో చూసుకుని, "జీతం తగ్గించమని చెబుతానుండు" అన్నది.

సన్నివేశం ఇది. శాలను ఖాళీ చేయించడానికి వచ్చిన రౌడీలను ముసలావిడ ఒక్కొక్కరినే పడగొడుతుంది. చివరివాడు అందరికంటే పొడవు. వాడి ఛాతీమీద అరచేతితో ఒక్క దెబ్బ వేసి, అదే క్షణంలో నేరుగా కెమెరాలోకి చూడాలి. ఆ చూపు కోసమే సన్నివేశమంతా అని డైరెక్టరు చెప్పాడు. మర్యాద తెలిసిన యువకుడు. ఆమెతో మాట్లాడేటప్పుడు కుర్చీలోంచి లేచేవాడు.

ఆమె మొదలుపెట్టింది. పడేవారి చప్పుడు తప్ప కొట్టే ఆమె చప్పుడు వినబడలేదు. చివరివాడి ముందుకు వచ్చింది. భుజం కదిలింది, అరచేయి తగిలింది, వాడు వెనక్కి ఎగిరిపడ్డాడు. ఆమె ముఖం గోడవైపు ఉంది.

"కట్. చాలా బాగుందమ్మా. మొహం ఒక్కటి ఇటు."

"సరేనండీ."

మళ్ళీ చేశారు. ముఖం గోడవైపే ఉంది. మళ్ళీ చేశారు. మెల్లగా చేయమంటే మెల్లగా చేసి కెమెరాలోకి చక్కగా చూసింది. వేగం పెంచి దెబ్బ నిజం కాగానే ముఖం మాయమైంది.

మాస్టర్ దగ్గరకు వెళ్ళి అడిగాడు. "దూదీ, కెమెరా ఎక్కడుందో తెలుసా నీకు?"

ఆమె అటు చూడకుండానే వేలు చూపించింది.

"తెలిసి కూడా అటెందుకు తిప్పుతున్నావు మరి?"

"తెలుసు కాబట్టే."

అప్పుడు కెమెరాను ఎక్కడుందో తెలియకుండా చెక్క తెరల వెనక దాచారు. ఆమెను బయటికి పంపి, చోటు మార్చి, మళ్ళీ పిలిచారు. దెబ్బ వేసే క్షణంలో ఆమె ముఖం సరిగ్గా దానికి ఎదురుదిక్కున ఉంది. రెండు కెమెరాలు పెట్టారు. తల వంచేసింది. ఫైటర్లు మొదట్లో నవ్వారు. "దూదక్కకి మొహం చూపించడానికి కూడా డూప్ కావాలిరా" అన్నాడొకడు. ఆమే ముందుగా నవ్వింది.

మధ్యాహ్నం తరువాత మాస్టర్ మేకప్ గదిలోకి వెళ్ళి విగ్గు పెట్టుకుని వచ్చాడు. నెరిసిన మీసం, బట్టతల మీద పొడుగాటి జుట్టు. వచ్చి కెమెరా పక్కన వయ్యారంగా నిలబడ్డాడు. "ఇదిగో, మీ అక్కయ్య ఇక్కడుంది. కొట్టేటప్పుడు నన్ను చూడవే తల్లీ!" షెడ్డంతా గొల్లుమంది. ఆమె నవ్వాపుకోలేక కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే యాక్షన్ అన్నారు. భుజం కదిలింది. అరచేయి తగిలింది. ముఖం గోడవైపు తిరిగింది.

ఆ తరువాత ఎవరూ నవ్వలేదు. మాస్టర్ విగ్గు తీసి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె తన చోటికి వెళ్ళి, "ఇంకొకసారి చేద్దామండీ" అన్నది. చేసింది. సాయంత్రం దాకా అంటూనే ఉంది, చేస్తూనే ఉంది.

మర్నాటికి నిర్ణయం జరిగిపోయింది. ఆ ముసలావిడ పాత్రకు పేరున్న నటిని తెచ్చారు. వయసు ముప్పై దాటి ఉంటుంది, రంగు తెలుపు. దూదక్క చేసిన ఫైటు అలాగే ఉంచి, దెబ్బకు ముందూ తరువాతా నటి ముఖం అతుకుతారు. మిగిలిన షాట్లకు దూదక్క డూప్‌గా ఉండాలి. తనకోసం రాసిన పాత్రకు తానే డూప్.

నాకు ఒళ్ళు మండింది. మేనేజరును నిలదీశాను. ఒప్పందం చూపించాను.

"మేం చూపిస్తామనే కదా సార్ అన్నాం? తిప్పుకుంది ఆవిడే."

"పోనీ, నల్లటి నటి ఒక్కరూ దొరకలేదా మీకు? ఆ వయసు మనిషి ఒక్కరూ లేరా?"

"వెతికే టైమ్ లేదు సార్. అయినా మేడమ్ ఉంటే సినిమాకి విలువ వేరు. నలుపుదేముంది, వేసేయొచ్చు."

వేసేయొచ్చు అన్నాడు. గోడకు సున్నం వేయడం గురించి కూడా మనం అంతకంటే ఆలోచించి మాట్లాడతాం.

ఆ ఉదయం నేను మేకప్ గది గుమ్మంలో నిలబడి చూసినది చూసినట్టు రాస్తున్నాను. నటి కుర్చీలో కూర్చుంది. నుదుట, కళ్ళ పక్కన ముడతలు అతికించారు. మేకప్‌మాన్ చిన్న గిన్నెలో రంగు కలుపుతూ, తల ఎత్తకుండా, "దూదక్కా, ఒకసారి చెయ్యి ఇలా పెట్టు. రంగు పోల్చుకోవాలి" అన్నాడు. ఆమె చేయి చాచి నటి చేతి పక్కన పెట్టింది. అతను కొద్దిగా పూస్తాడు, చూస్తాడు, తుడుస్తాడు, మళ్ళీ కలుపుతాడు. బట్టల దుకాణంలో దారం రంగు పోల్చుకునేటప్పుడు గుడ్డముక్కను పట్టుకున్నట్టు ఆమె తన చేతిని తానే పట్టుకుని నిలబడింది. అతను ఆమె కళ్ళలోకి ఒక్కసారి కూడా చూడలేదు. "ఇంకొంచెం ముదరాలి," అన్నది ఆమె. అతను ముదురు కలిపాడు.

నటి చెడ్డ మనిషి కాదు. నిజానికి మంచిది. తల వంచుకుని పనిచేసేది. చిక్కు మరొకచోట వచ్చింది. దూదక్క దూరపు షాట్లన్నిటిలో దెబ్బ వేసేటప్పుడు తల తిప్పింది. నటితో తీసే దెబ్బ వాటితో అతకాలంటే ఆమె కూడా సరిగ్గా అలాగే తిప్పాలి. కాబట్టి ఆమె వచ్చి దూదక్కనే అడిగింది.

"ఆంటీ, కొట్టేటప్పుడు తల అటు తిప్పుతారు కదా. అదెలాగో నేర్పుతారా? నాకు బొమ్మ తల తిప్పినట్టు వస్తోంది."

"మెడతో చెయ్యకమ్మా. భుజాన్ని పోనివ్వు. భుజం వెళ్తే మెడ దాని వెనకాలే పోతుంది."

"ఇలాగా?"

"కళ్ళు మూసుకోకు. చూస్తూనే తిప్పాలి. ఆఁ, అదీ. ఇంకాస్త ఆలస్యంగా."

పగలంతా అలా నేర్పింది. ఏ అలవాటు ఆమె ముఖాన్ని మింగిందో ఆ అలవాటునే ఓపికగా, లోటు లేకుండా మరొకరికి అప్పగించింది. సాయంత్రానికి నటికి అది పట్టుబడింది. వెనకనుంచి చూస్తే ఇద్దరినీ వేరుచేయడం కష్టమైంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. రానందుకు కొంత కోపం వచ్చింది.

తిరుగు బస్సులో దూదక్క పక్కన కూర్చున్నాను. "నీకేమనిపిస్తోందమ్మా?" అని అడిగాను. అడగకూడని ప్రశ్నే.

"ఏమీ అనిపించడం లేదు బావగారూ. ఎత్తునుంచి పడ్డాక కాసేపు ఇలాగే ఉంటుంది. ఎక్కడ తగిలిందో తెలీదు. అందుకే మమ్మల్ని వెంటనే లేవనివ్వరు. ఎవరైనా వచ్చి కాళ్ళూ చేతులూ పట్టి చూసేదాకా పడుకోబెడతారు."

"మరి నిన్నెవరు చూశారు?"

"నేను లేచి బస్సెక్కేశాను కదా," అన్నది.

ఇంట్లో తమ్ముడికి ఆమే చెప్పింది. గడపలో చెప్పులు విప్పుతూ, "మొహం వేరే అమ్మాయిదండీ. మిగతాదంతా నేనే," అన్నది. అతను ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు. తరువాత, "మిగతాది నాకు తెలుసులే. కాళ్ళు కడుక్కునిరా, అన్నం తిందాం" అన్నాడు.

సినిమా వచ్చింది. గోడలనిండా పోస్టర్లు అంటించారు. వాటిలో రకరకాల రంగుల ముఖాలు పక్కపక్కనే ఉన్నాయి. పైన 'ప్రతి ముఖానికీ ఒక కథ' అని రాసి ఉంది. ఆ ముఖాల నడుమ ముడతలు అతికించిన ముఖమూ ఉంది. ఒక పత్రిక ఆ ముసలావిడ పాత్రను ఆకాశానికెత్తింది. ఇంతకాలం తెరమీద చోటు దక్కని స్త్రీకి ఇప్పటికి చోటు దక్కిందని మెచ్చుకుంది. ఆ పత్రిక కత్తిరింపు నా ఎదుటే ఉంది గనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "దెబ్బ వేసే క్షణంలో ఆ వృద్ధురాలు ముఖం తిప్పుకుంటుంది. ఎదుటివాడి బాధను చూడలేని కరుణ అది. ఇంత చిన్న కదలికలో ఇంత అర్థాన్ని ఊహించిన నటి ప్రతిభకు జోహార్లు."

దీన్ని నేను దూదక్కకు చదివి వినిపించాను. ఆమె కింది దుకాణం నుంచి తెచ్చిన దుప్పటి మడతపెడుతోంది.

"కరుణ అన్నాడా?"

"అలాగే రాశాడు."

"బాగానే రాశాడు. ఆ చివర పట్టుకోండి బావగారూ."

దుప్పటి చివర పట్టుకున్నాను. మడత పెట్టాం. ఇంటికి వెళ్ళి పత్రికకు ఒక లేఖ రాశాను. ఆ తల తిప్పడం ఎవరిదో, ఎందుకో, ఏ రంగుల కింద ఎన్నేళ్ళకు అలవడిందో వివరంగా రాశాను. వారు దాన్ని అచ్చువేయలేదు. నకలు నా దగ్గర ఉంది.

తమ్ముడి హాలులో ఆ సినిమా పడినరోజు అతను జీవితంలో మొదటిసారి యంత్రాన్ని మరొకరికి అప్పగించి కింద హాలులో కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆట. ఆమెను ఒకపక్క, నన్ను ఒకపక్క కూర్చోబెట్టుకుని తాను నడుమ కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దీపాలు ఆరగానే అలవాటుగా వెనక్కి తిరిగి గాజుకిటికీ వైపు చూసి, "వెలుగు కాస్త తక్కువ పెట్టాడు వీడు," అని సణిగాడు.

సాధనశాల సన్నివేశం వచ్చింది. నటి ముఖం తెరనిండా కనిపించింది. తమ్ముడు కుర్చీలో కదిలాడు. ముఖం పోయి, ఒక కాలు నేలమీద వాలింది. ఎడమ మడమ కింద సన్నటి వెలుగుగీత.

"అదిగో," అన్నాడు.

అవును, ఆమే. మరొక షాట్, మళ్ళీ "అదిగో". అదీ ఆమే. ఒక్కొక్క రౌడీ పడుతున్నాడు. చివరివాడు ముందుకు వచ్చాడు. ఈసారి కెమెరా వెనకనుంచి, కాస్త పక్కనుంచి, నిలువెత్తు మనిషిని చూపించింది. భుజం ముందుకు వెళ్ళింది. దాని వెనకే మెడ వెళ్ళింది. అరచేయి తగిలింది. తల మెల్లగా, చివరి క్షణందాకా ఆగి, గోడవైపు తిరిగింది.

తమ్ముడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "అదిగో! అదిగో నువ్వు! ఆ తల తిప్పడం చూశావా అన్నయ్యా? అది ఇంకెవరివల్లా కాదు."

అతనే ఎన్నడో నాకు నేర్పినట్టు నేను తెరమీది కాళ్ళవైపు చూశాను. రెండు మడమలూ నేలకు పూర్తిగా ఆని ఉన్నాయి.

నేను దూదక్క వైపు చూశాను. ఆమె తెరవైపు చూస్తోంది. ఆ వెలుగు ఆమె ముఖం మీద పడి, రంగులు మారుతూ ఉంది. ముఖం తిప్పలేదు.

"నువ్వే కదూ?" అన్నాడు తమ్ముడు.

"ఊఁ, నేనే."

ఆట ముగిసింది. తమ్ముడు మా కంటే ముందు మెట్లు దిగి, ఎదురైన వారందరితో మాట్లాడుతున్నాడు. మేమిద్దరం వెనకపడ్డాం. నేను గొంతు తగ్గించి అన్నాను. "అమ్మా, ఆ మడమ..."

"చూశారా మీరు?"

"చూశాను. వాడెలా చూడలేదు? ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదే వాడు."

"ఎప్పుడూ కిందికే చూసేవారు బావగారూ. ఇవాళ పైకి చూశారు," అన్నది. "మొహం వస్తుందేమోనని చూస్తున్నారు. మడమ సంగతి మరిచిపోయారు. చెప్పకండి."

తమ్ముడికి నేను చెప్పలేదు. నేను రాసేవేవీ అతను చదవడు. అతనిది చూసే పని. కనుక ఇక్కడ రాసినందుకు ఆమెకు ఇచ్చిన మాట తప్పినట్టు కాదనుకుంటాను.

కింద గేటు దగ్గర కొత్తగా చేరిన మనిషితో తమ్ముడు చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. మమ్మల్ని చూసి, "ఇలా రావోయ్," అని ఆమెను పిలిచాడు. ఆమె వెళ్ళింది.

"ఇదిగో, ఈవిడే. ముసలావిడ ఫైటు చూశావు కదూ, చివర తల తిప్పి కొడుతుంది, ఆ దెబ్బ ఈవిడది."

గేటుమనిషి టిక్కెట్ల ముక్కలు జేబులో వేసుకుని, ఆమె ముఖాన్ని మర్యాదగా, పరీక్షగా చూశాడు.

"అవునా అమ్మా? సినిమాలో వేరేగా ఉన్నారే."

"మేకప్ లెండి," అన్నది దూదక్క.